కాలువ దాటాక

గాజుసీసాలోకి పట్టిన పెట్రోలును బాబికర్ ఎండకెత్తి చూశాడు. అడుగున నీటిబొట్టు ఉందేమోనని సీసాను అటూ ఇటూ వంచాడు. లేదు. ఆ పెట్రోలు నేల మీద పారబోసి, విమానం ముక్కు మీద అరచేత్తో ఒక్కటి చరిచాడు.

"నీళ్ళు లేవు, మట్టి లేదు. మరి ఆ దగ్గెందుకే ముసలిదానా?"

రెక్క కింద చతికిలబడ్డ మెకానిక్ తిజానీ తలెత్తలేదు. "పెట్రోలుది కాదన్నా తప్పు. నిప్పురవ్వ అందించే మాగ్నెటోలు రెండుంటే ఒకటి పోయింది. రెండోది కూడా ఇవాళో రేపో అంటోంది. కొత్తవి తెప్పించమని మేనేజరుకి నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. సీజన్ అయ్యాక చూద్దామన్నాడు."

"వాడి జీపు దగ్గితే సీజన్ అయ్యేదాకా ఆగుతాడా?" అని బాబికర్ తుపుక్కున ఉమ్మేశాడు.

యాభై దాటిన మనిషి. పొట్టి, నలుపు, ఎప్పుడూ ఎర్రగా ఉండే కళ్ళు. చేతుల మీద పురుగుమందు పడి పడి చర్మం పొలుసులు కట్టింది. సూడాన్‌లోని జజీరా పత్తిచేల మీద మందు కొట్టడం తప్ప మరో పని ఎరగడు. ఖర్జూరం చెట్టు కన్నా ఎత్తుకు ఎగిరిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కొడుకు పైనుంచి రోజూ కాబాను చూస్తాడని తల్లి చచ్చేదాకా నమ్మింది. అతను చూసిందల్లా పత్తి ఆకులు, వాటి అడుగున తెల్లదోమ. సాయంత్రం ఇంటికెళితే భార్య బతూల్ గుమ్మంలోనే బట్టలు విప్పించి, రెండుసార్లు సబ్బు పెట్టి తోమితే గాని పిల్లల్ని ముట్టుకోనిచ్చేది కాదు. పిల్లలు పెద్దవాళ్ళయి వెళ్ళిపోయినా ఆ అలవాటు పోలేదు.

పొద్దున రెండు విడతలు ఎగిరొచ్చాడు. రెండోసారి గాల్లోనే ఇంజన్ రెండు దగ్గులు దగ్గింది. దిగీ దిగకముందే తిట్లు అందుకున్నాడు.

ఫలహారం వేళకు అందరూ ఒకే పళ్ళెం చుట్టూ చేరి, నువ్వులనూనె పోసి మెదిపిన బాకలా చిక్కుడుగింజల్లో రొట్టె ముంచుకు తింటుండగా మేనేజరు ముంతసిర్ జీపు దిగాడు. ఖార్టూమ్ నుంచి వచ్చినవాడు. ఆ పళ్ళెంలో ఏనాడూ చెయ్యి పెట్టలేదు. చేతిలో ఎప్పుడూ సీలు తీసిన నీళ్ళ సీసా ఉంటుంది.

"కెప్టెన్, మందు ట్యాంకు సగమే నింపమన్నావట?"

"ఎండ ముదిరింది. గాలి పలచబడింది. ఇంజన్‌కి రోగం. నిండు ట్యాంకుతో అది లేవదు మేనేజరు గారూ."

"పొద్దున లేచిందిగా! అవతల తెల్లదోమ చేలన్నీ తినేస్తోంది. నువ్వు సగం సగం మోస్తూ కూర్చుంటే ఎప్పటికయ్యేను?"

బాబికర్ రొట్టె ముక్క పళ్ళెంలోకి విసిరేశాడు. "సరే, నింపండి. ఎగిరిన మరుక్షణం ఇంజన్ ఆగిందనుకోండి. ఏం చెయ్యమంటారు?"

"నన్నడుగుతావేం? మందంతా ఒక్కసారిగా వదిలెయ్. బరువు తగ్గుతుంది. ముక్కు దించు, తిన్నగా దిగు, వెనక్కి తిరక్కు. మీకు నేర్పేది అదేగా?"

"అదే. నా గోలంతా కూడా అదే! కావాలని రన్‌వేని కాలువ మొహాన పెట్టారు. మందు వదిలితే పడేది కాలువలో. వద్ షరీఫ్ ఊరంతా తాగేది ఆ నీళ్ళే. బీడు వైపుకి మార్చమని పోయినేడాది నుంచి మొత్తుకుంటున్నాను."

"వచ్చే సీజన్‌కి మారుద్దాం. అయినా అంత నీటిలో ఈ కాస్త మందు ఏపాటి? ఎవరికీ ఏం కాదు." ముంతసిర్ సీసా ఎత్తి రెండు గుక్కలు తాగాడు. "నీకు భయమైతే చెప్పు. పోర్ట్ సూడాన్‌లో ఒక కుర్రాణ్ణి చూసి పెట్టాను. రేపే వచ్చి వాలతాడు."

బాబికర్‌కి ఒళ్ళు మండిపోయింది. ఆ వచ్చే కుర్రాడు ఎవరో ఏమో. ఈ కాలువ ఎరగడు, ఈ ఊరు ఎరగడు. మొదటి దగ్గుకే మందు వదిలే మీట లాగి, నేర్పినట్టు చేశానని చేతులు దులుపుకుంటాడు. అతన్ని తప్పు పట్టడానికి కూడా ఉండదు. బాబికర్ లేచి చేతులు కడుక్కున్నాడు.

"నింపవయ్యా తిజానీ. అంచుదాకా నింపు. దొరగారి కడుపు నిండాలిగా!"

తిజానీ గొణిగాడు. "అన్నా, కోపంలో ఎక్కకు."

"కోపం లేకుండా ఈ పని ఎవడు చేస్తాడ్రా?"

పోయినేడాది తోటి పైలట్ హసబల్లా చచ్చిపోయింది ఇక్కడే. ఇంజన్ ఆగగానే రన్‌వే కోసం వెనక్కి తిరిగాడు. వేగం చాలక ఒక రెక్క కిందికి వాలి విమానం కూలిపోయింది. ఖననం చేస్తుంటే బాబికర్ సమాధి ఒడ్డున నిలబడి, "గాడిదా, తిరక్కురా అని నీకెన్నిసార్లు చెప్పాను!" అని అరిచాడు. జనం సిగ్గుతో అతన్ని పక్కకు లాక్కెళ్ళారు. ఇప్పటికీ ఆ పేరు వింటే బాబికర్ పళ్ళు కొరుకుతాడు.

మూడోసారి విమానం రన్‌వే చివరిదాకా ఈడ్చుకుంటూ పోయి, చచ్చీ చెడీ నేల వదిలింది. కంచె కిందికి జారిందో లేదో, ఇంజన్ ఒక్క దగ్గు దగ్గి ఆగిపోయింది. ఎదురుగా పంకా కట్టెలా బిగిసింది. ఆ నిశ్శబ్దంలో రెక్కల మీద గాలి చప్పుడు వినబడింది.

అతని కుడిచెయ్యి ముక్కు దించింది. ఎడమచెయ్యి దానంతటదే మందు మీట మీదికి పోయింది. లాగితే చాలు, విమానం తేలికై తేలుతుంది, అవతల చేలో మెత్తగా దిగొచ్చు. కింద కాలువ. గట్టున ఆడవాళ్ళు, నీళ్ళు నింపిన డబ్బాలు, నడుము లోతు నీళ్ళలో ఎవరో. అందరూ తలెత్తి తననే చూస్తున్నారు.

"నీ సీజన్ తగలెయ్యా!" అని మేనేజర్ని తిట్టాడు. మీట మీది చెయ్యి బిగించాడు గాని లాగలేదు. వెనక్కీ తిరగలేదు. బరువైన విమానం రాయిలా కిందికి దిగుతోంది. నీళ్ళు చక్రాల కిందికి వచ్చాయి, వెళ్ళిపోయాయి. అవతలి గట్టు దాటాక మీట లాగాడు. అప్పటికే పత్తి మొక్కలు రెక్కల్ని కొడుతున్నాయి. చక్రాలు బోదెకు తగిలి విమానం తిరగబడింది.

తిజానీ వంతెన మీదుగా పరుగెత్తుకొచ్చేసరికి ఊళ్ళోవాళ్ళు అతన్ని బయటికి లాగి పడుకోబెట్టారు. ఊపిరి ఉంది.

"నీళ్ళలో పడిందా?"

"లేదన్నా. ఒక్క చుక్క పడలేదు. అంతా చేలోనే."

"ఆ మేనేజరు గాడికి చెప్పు..." అన్నాడు బాబికర్. ఏం చెప్పాలో అనలేదు. ఆస్పత్రికని లారీలో ఎక్కించాక తిజానీ అతని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, డ్రైవరును ఇంటివైపు తిప్పమన్నాడు.

సాయంత్రపు అసర్ నమాజు కాగానే పూడ్చేశారు. ఇంటి ముందు డేరా వేసి చాపలు పరిచారు. పొద్దు వాలుతుండగా ముంతసిర్ వచ్చి, పోయినవాడి కోసం అరచేతులెత్తి ఫాతిహా చదివి, పెద్దల మధ్య కూర్చున్నాడు.

"దేవుడి రాత," అన్నాడు. "కానీ కెప్టెన్ మందు వదిలేసి ఉంటే ఇవాళ మన మధ్యే ఉండేవాడు. మొండితనం. చిలక్కి చెప్పినట్టు చెప్పాను."

తిజానీ పిడికిళ్ళు బిగించి నేలకేసి చూస్తున్నాడు. ఆ మాట తడిక అవతల ఆడవాళ్ళకూ వినబడింది. బతూల్ లేచింది. వద్దని చెయ్యి పట్టుకున్న అత్తకూతుర్ని విదిలించుకుని మగవాళ్ళ డేరాలోకి నడిచొచ్చింది. మొగుడు పోయిన రోజున ఆ ఊళ్ళో ఏ ఆడదీ అలా రాదు. రెండు చేతులతో నీళ్ళ సొరబుర్ర పట్టుకుని ముంతసిర్ ముందు నిలబడింది.

"కాలువ నీళ్ళు. ఇప్పుడే తెచ్చారు. తాగండి."

"దాహం లేదమ్మా."

"అంత నీటిలో మందు పడినా ఎవరికీ ఏం కాదన్నారట. పడలేదు కూడా. పడకుండా మా ఆయన చూసుకున్నాడు. తాగండి."

డేరాలో అందరూ అతని వైపే చూస్తున్నారు. ముంతసిర్ సొరబుర్ర అందుకున్నాడు. నోటిదాకా తీసుకెళ్ళి, లోపలికి చూసి, ఆగిపోయాడు. దాన్ని మెల్లగా చాప మీద దించి, చెప్పులు వెతుక్కుని, ఎవరికీ సలాం చెప్పకుండా జీపు వైపు వెళ్ళిపోయాడు.

అంచుదాకా నీళ్ళున్న ఆ సొరబుర్ర చాప మధ్యలో అలాగే ఉంది.