లారీ ముందు సీటు

వరద తీసిన పొద్దున, దొరవారిసత్రం దాటాక ట్రంకు రోడ్డు మీద మనిషి అలికిడి లేదు. మోకాటి లోతు బురదలో కాళ్లీడ్చుకుంటూ మదార్ ఒక్కడే తాను నడిపే లారీ దగ్గరికి వచ్చాడు. భార్య చాంద్‌బీ పోయాక అతనికి ఇల్లన్నా వాకిలన్నా ఆ బండే. నిద్ర అందులోనే, వంట దాని పక్కనే. అలాంటి బండిని మెరక మీద నిలబెట్టి, క్యాబిన్‌కు తాళం వేసి, నిన్న సాయంత్రం వరద ముంచుకొస్తుంటే రైలు స్టేషనుకు పరుగెత్తాడు. బండి ఏమైందోనని తెల్లవార్లూ కునుకు లేదు.

వంగి చక్రాలు చూశాడు. బురద గీత ఫుట్‌బోర్డు పైదాకా ఉంది. బానెట్టు ఎత్తి, ఆయిలు పుల్ల లాగి తుడిచి మళ్లీ ముంచాడు. నీళ్లు చొరబడి ఉంటే ఆయిలు తెల్లగా కనబడుతుంది. నల్లగానే ఉంది. టార్పాలిన్ కింద చెయ్యి పెడితే, మద్రాసు పోవలసిన మొలగొలుకుల బియ్యం బస్తాలు పొడిగానే తగిలాయి. అల్లా కాపాడాడనుకుని ఎడమ పక్కకు తిరిగాడు. తలుపు పిడికి చీర పేలిక ఒకటి ముడివేసి ఉంది.

అది ఎవరి చీరో అతనికి తెలుసు. పులికాటు ఒడ్డు నుంచి ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని సూళ్లూరుపేట సంతకు పోయే కామమ్మది. దారిలో ఎన్నోసార్లు చెయ్యెత్తింది. ఒక్కసారీ ఎక్కించుకోలేదు. బియ్యానికి చేపల వాసన తగిలితే మద్రాసు వ్యాపారులు సరుకు తిప్పికొడతారని లారీ యజమాని షావుకారు ఖండితంగా చెప్పి ఉన్నాడు. నిన్న ఆమె సంతకు తీసుకుపొమ్మని అడగలేదు. నీళ్లొస్తున్నాయి, కాళ్లు లాగేస్తున్నాయి, లోపల కాసేపు కూర్చోనిమ్మంది. మదార్ తాళంచెవి మొలలో దోపుకుని, స్టేషనుకు నడిచి రమ్మని చెప్పి తన దారిన తాను పోయాడు. ఆమె రాలేదు. అయ్యో, తెల్లవార్లూ అతను బెంగపడింది బండి కోసం!

తాళం తీశాడు. చాప, దిండు, చాంద్‌బీ కుట్టిన బొంత, దేనికీ చుక్క నీరు తగల్లేదు. ఇద్దరు హాయిగా కూర్చునే చోటు ఖాళీగా ఉంది. కామమ్మక్కా అని గొంతెత్తి పిలిచాడు. ఎక్కడా బదులు లేదు.

వెతుక్కుంటూ రైలు కట్ట వెంట పోతే, గ్యాంగుమన్ ఆదెయ్య గది ముందు ఆమె గోనెపట్టా కప్పుకుని వణుకుతూ కనబడింది. కొంగుతో నడుమును తలుపు పిడికి కట్టుకుని ఫుట్‌బోర్డు మీదే నిలబడి ఉందనీ, తెల్లవారి తాను కొంగు కోసి దించాననీ, ఒళ్లు కాలిపోతోందనీ ఆదెయ్య చెప్పాడు. తాళం వేసింది ఎవరో అతనికి తెలియదు. కామమ్మ చెప్పలేదు.

మదార్ ఆమెను మెల్లగా నడిపించుకుని వచ్చాడు. తలుపు బార్లా తెరిచి, బొంత పరిచి, ఆసుపత్రికి పోదాం ఎక్కమన్నాడు. ఆమె కదలకుండా నిలబడిపోయింది.

"వద్దులే నాయనా, వాసనొస్తాది. మీ షావుకారు తిడతాడు."

"గంప నీళ్లల్లో పోయింది గదక్కా. ఇంకేం వాసన?"

"గంప పోయింది. నేను ఉండాను గదా."

మదార్ కళ్లు తుడుచుకుని, ఆమెను రెండు చేతులా ఎత్తి సీటు మీద కూర్చోబెట్టి బొంత కప్పాడు. పని పోతే పోనీ అనుకున్నాడు. హ్యాండిలు తిప్పగా తిప్పగా ఇంజను అందుకుంది.

పాఠకులారా, లారీకి ఏ దెబ్బా తగల్లేదు. బియ్యమూ చెడలేదు. కానీ సరుకు చెడుతుందని ఒక మనిషిని బయట నిలబెట్టి, నిలబెట్టి, చెడ్డ వాసన తానేనని ఆమె చేతనే అనిపించాం. ఆపదలో ఉన్న మనిషికి తెరవని తలుపు వెనక మనం కాపాడుకోదగ్గది ఏదీ లేదు.