చివర వెళ్ళినవాడి సంతకం

లిఫ్టులు బాగుచేసే ఆ కంపెనీలో కంప్యూటర్ ముందు కూర్చునే అమ్మాయికి పొద్దున్నుంచి అది నాలుగో పట్టిక. మేనేజరు తేదీలవారీగా చేయమన్నాడు, చేసింది. భవనాలవారీగా అన్నాడు, చేసింది. రంగులు వేయమన్నాడు, వేసింది. ఇప్పుడు అవన్నీ తీసేయమంటున్నాడు.

"ఒక్కసారికి బాగుపడక మళ్ళీ మళ్ళీ వెళ్ళాల్సొచ్చిన ఫిర్యాదులున్నాయే, అవి ఒక్కో మెకానిక్కుకి ఎన్నో తీయి. నాలుగింటికల్లా కావాలి. అందరికంటే ఎక్కువున్నవాణ్ణి ఒకటో తారీఖు నుంచి స్టోర్‌రూంలో కూర్చోబెడతా."

ఒకే పేరున్న వరుసలన్నిటినీ ఒకచోట చేర్చి లెక్క తీసింది. తొమ్మిది. పదకొండు. పద్నాలుగు. నాలుగో పేరు పక్కన యాభై మూడు.

ఆ నాలుగో పేరు వాళ్ళ నాన్నది. ఇరవై రెండేళ్ళుగా లిఫ్టుల నెత్తికెక్కి పనిచేసే మనిషిని నట్లు లెక్కపెడుతూ కూర్చోమంటే వారం తిరక్కుండా మంచం పడతాడు. ఆమె మేనేజరు గదిలోకి వెళ్ళింది.

"సార్, ఇందులో ఏదో తిరకాసుంది."

"లెక్కలోనా, చుట్టరికంలోనా?"

"అది కాదు సార్, లిఫ్టులవారీగా కూడా చూస్తే..."

"అమ్మాయ్, నేనడిగింది నాలుగు అంకెలు. పురాణం కాదు."

పళ్ళు నూరుకుంటూ షెడ్డుకి వెళ్ళింది. నాన్న అన్నం డబ్బా ముందేసుకుని కూర్చున్నాడు.

"నాన్నా, కష్టమైన ఫిర్యాదు చీటీలన్నిటి మీదా నీ సంతకమే ఎందుకుంది?"

"లిఫ్టు కదిలాకే కదా సంతకం. కదిలించింది నేను."

"మరి నీకంటే ముందు వెళ్ళినవాళ్ళు?"

"వాళ్ళ వల్ల కాలేదుగా. కాని పనికి సంతకం ఎలా పెడతారే? అదేం మర్యాద?"

ఆమె నెత్తి కొట్టుకుంది. "ముగ్గురు చేతులెత్తేసిన పని నువ్వు చేస్తే, ఆ మూడుసార్లూ నువ్వే చెడగొట్టినట్టు పడుతోంది నాన్నా!"

"పడనీ. లిఫ్టు నడుస్తోందా లేదా?"

"లిఫ్టు నడుస్తోంది. నిన్నే స్టోర్‌రూంకి నడిపిస్తున్నారు!"

ముద్ద నోటిదాకా వచ్చి ఆగిపోయింది. "ఆ చీకటి కొట్లోకా?" అన్నాడాయన.

టైము రెండు కావస్తోంది. ఆమె ఏడాది ఫిర్యాదులన్నీ లిఫ్టు నంబరు ప్రకారం, ఆపైన తేదీ ప్రకారం పేర్చింది. పక్కన కొత్త గడి తెరిచి, బాగుచేశాక నెలలోపు అదే లిఫ్టు మళ్ళీ ఆగిందా లేదా అని ఒక్కో వరుసకీ రాసింది. కళ్ళు మండాయి. తర్వాత ఆ మళ్ళీ మళ్ళీ వెళ్ళాల్సొచ్చినవాటికే పేర్లవారీగా లెక్క తీసింది. మిగతా ముగ్గురూ కలిసి ముప్పై నాలుగు బాగుచేస్తే ఇరవై మూడు మళ్ళీ ఆగాయి. నాన్న చేసిన యాభై మూడింటిలో నాలుగు.

మేనేజరు ఆమె తెచ్చిన కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. "ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా?"

ఆమె మళ్ళీ ఆగినవాటి గడిని వేలితో చూపించింది.

"సరే, మీ నాన్న వద్దు. ఇందులో పైనున్నవాణ్ణి పంపుదాం," అంటూ ఆయన పెన్సిల్ తీశాడు.

ఆమె నోరు మూసుకుని బయటికి రావచ్చు. కాళ్ళు కదల్లేదు. "సార్, ముందు ఎవరెవరు వెళ్ళారో చీటీల్లో లేనే లేదు. అది తెలీకుండా ఎవర్ని పంపినా ఇదే తప్పవుతుంది. వెళ్ళిన ప్రతివాడూ సంతకం పెట్టాలి."

పెన్సిల్ బల్లమీద పడింది. "ఒక మనిషి పేరు అడిగితే కొత్త చీటీ అంటగడుతున్నావ్! సరే కానియ్, అచ్చు వేయించు. అన్నీ నువ్వే ఎక్కించుకోవాలి, నాకు తెలీదు."

కొత్త చీటీలు వచ్చిన వారంలోనే నాన్న చేతులకి గ్రీజుతో ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. చీటీమీద మూడు గళ్ళు నిండాయి, నాలుగోది ఖాళీ.

"ఈ ముగ్గురిచేతా పెట్టించేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది," అన్నాడు చిరాగ్గా. "ఒకడు రేపంటాడు, ఒకడు నేను వెళ్ళనే లేదంటాడు. మూడోవాడు పెన్ను లేదంటే నాదిచ్చా. జేబులో పెట్టుకుని పోయాడు. ఏదీ, నీ పెన్ను ఇటివ్వు."