కడుపుకు బిగించిన పట్టీ

ఏన్కూరులో సన్నబడాలనుకున్న ఆడవాళ్లంతా ఏడేళ్లుగా జీలకర్ర నీళ్లు తాగుతున్నారు. ఒక్కరూ ఒక్క కేజీ తగ్గలేదు. తగ్గింది టైలరు భార్య లతీఫా ఒక్కతే. నూట నాలుగు కేజీల మనిషి ఏడాదిన్నరలో అరవైకి దిగితే ఊరు ఊరుకుంటుందా? ఏం తిన్నావు, ఏం తాగావు అని గుచ్చి గుచ్చి అడిగితే, నోటికొచ్చిన అబద్ధం జీలకర్ర నీళ్లు అని చెప్పింది. ఆ మాట మిరప తోటలు దాటి తండాల దాకా పోయింది. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చే కమ్లి అయితే వచ్చినప్పుడల్లా ఆమె నడుము వైపు చూసి, నీ అసుంటి నసీబు నాకు లేదమ్మా అని నిట్టూర్చేది.

నసీబట, నసీబు! లోపలి సంగతి కమ్లికేం తెలుసు? హైదరాబాదులో ఒక డాక్టరు లతీఫా కడుపు లోపల, జీర్ణాశయం పైభాగాన, బెల్టు బిగించినట్టు ఒక పట్టీ బిగించాడు. పట్టీకి పైన మిగిలిన చోటు కోడిగుడ్డంత. నాలుగు ముద్దలకే నిండిపోతుంది. ఐదో ముద్ద వేస్తే వచ్చిన దారినే తిరిగొస్తుంది. ఆపరేషన్ అయిందని తెలిసినవాళ్లు ఇద్దరే: భర్త గులాం రసూల్, కూతురు ఆతియా. గులాం రసూల్ ఏన్కూరు సెంటర్లో లేడీస్ టైలరు. ఆ మొదటి ఏడాది పెళ్లాం బట్టల్ని మూడుసార్లు లోపలికి పట్టి కుడుతూ పొంగిపోయాడు, పిచ్చి మారాజు.

వాంతులు ఎన్నిసార్లో మాత్రం ఆ ఇద్దరికీ తెలియదు. రోజుకు రెండుసార్లు, ఒక్కోరోజు నాలుగుసార్లు. అన్నం గానీ రొట్టె గానీ మాంసం ముక్క గానీ రొమ్ము మధ్యలో రాయిలా ఆగిపోతుంది. నోటినిండా నురగ ఊరుతుంది. లతీఫా వెనక బాత్రూంలోకి పోయి, కుళాయి పూర్తిగా తిప్పి, ఆ చప్పుడులో కక్కుకుని, మొహం తుడుచుకుని, ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చునేది. లోపల నిలిచేవల్లా టీలో నానిన బిస్కెట్లు, పల్చటి గంజి.

మొదట్లో ఒకసారి డాక్టరుకు చెప్పింది. బాగా నమిలి తినాలమ్మా, ఎక్కువ తింటే అట్లాగే అవుతుంది అని అతను తల ఎత్తకుండానే అన్నాడు. అది ఆమెకు చెంపదెబ్బలా తగిలింది. తప్పంతా తన నాలుకదే, తన ఆబదే అనుకుంది. మళ్లీ ఆ గడప తొక్కలేదు. పట్టీలో నీళ్లుంటాయని, చర్మం మీద నుంచి సూదితో ఆ నీళ్లు తీస్తే వదులవుతుందని ఆపరేషన్ రోజే చెప్పారు. కానీ వదులైతే మళ్లీ లావవుతానేమోనని భయం. లావైతే జీలకర్ర నీళ్లు ఏమయ్యాయని ఊరు నవ్వుతుందని ఇంకా భయం. మనిషి మూర్ఖత్వానికి మందు లేదు కదా.

ఏడేళ్ల పులుపు ఊరికే పోతుందా? పళ్ల మీది పొర కరిగిపోయి, మంచినీళ్లు తాగినా జివ్వుమనేది. దవడ పళ్లు రెండు పెళుసెక్కి విరిగిపోయాయి. గొంతు బొంగురుపోయింది. పడుకుంటే పుల్లటి నీళ్లు ఎగదన్ని ఒకటే దగ్గు. మిరపకాయల కాలంలో ఏన్కూరంతా ఘాటుకు దగ్గుతుంది గనుక ఆమె దగ్గు ఎవరి చెవినా పడలేదు. తిండి ఒంటపట్టక ఈ ఏడాది కొత్తగా అరికాళ్లు మొద్దుబారాయి. చెప్పు జారిపోయినా తెలియక ఒంటి చెప్పుతో కిరాణా షాపు దాకా పోయి వచ్చింది. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే.

వీటన్నిటినీ మించింది రంజాన్. తెల్లవారుజామున సహర్‌లో తిన్న నాలుగు ముద్దలు పొద్దున తొమ్మిదింటికి కూడా రొమ్ములోనే ఉండేవి. ఊపిరి ఆడేది కాదు. తనంతట వచ్చిన వాంతి రోజాను, అంటే ఉపవాసాన్ని, చెరపదు. వేలు పెట్టి కక్కుకుంటే మాత్రం రోజా పోతుంది. అది లతీఫాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలిసీ వేలు పెట్టేది. ఆ తర్వాత సాయంత్రం దాకా పెదాలు ఎండబెట్టుకుని, అందరితోపాటు తిండి పరిచే దస్తర్‌ఖాన్ గుడ్డ ముందు కూర్చుని, దువా చదివి ఖర్జూరం అందుకునేది. మూడేళ్లుగా ఇదే తంతు. మొగుడికి చెప్పలేదు. అల్లాకు చెప్పాల్సిన పని లేదు, ఆయన చూస్తూనే ఉన్నాడని కుమిలిపోయేది. చెప్పుకుంటే మానం పోతుంది, చెప్పకుంటే ప్రాణం పోతుంది. కుడితిలో పడ్డ ఎలుకలా ఆమె ఆ బాత్రూంకీ దస్తర్‌ఖాన్‌కీ మధ్య కొట్టుకుంటూ ఉండిపోయింది.

ఈ రంజాన్ చివర్లో ఆతియా సెలవు పెట్టి ఇంటికి వచ్చింది. ఇరవై నాలుగేళ్ల పిల్ల, దుమ్ముగూడెం సర్కారు దవాఖానాలో ఫార్మసిస్టు. తొంభై రెండు కేజీలు. మధిర నుంచి వచ్చిన సంబంధం వాళ్లు పిల్ల బంగారం, కానీ అంటూ ఆగిపోయారు. ఆ 'కానీ' ఆతియాకు ముల్లై దిగింది. తనూ పట్టీ వేయించుకుంటానంది. గులాం రసూల్ ఎగిరి గంతేసి, ఈద్ తర్వాతి సోమవారానికి హైదరాబాదు డాక్టరు దగ్గర తేదీ కూడా తీసుకున్నాడు. అదే డాక్టరు, అదే పట్టీ. వేరే పద్ధతులు వచ్చాయని ఆతియా అంటే వినలేదు. బాగా కుదిరిన జాకెట్టును ఆదికి ఇచ్చి, ఇంకోటి ఇట్లాగే కుట్టమనే జనంతో ముప్పై ఏళ్లు బతికిన మనిషి. తల్లికి కుదిరింది కూతురికి కుదరకుండా ఎట్లా పోతుందని అతని నమ్మకం.

వచ్చిన రోజే ఆతియా తల్లి పక్కన చేరి మెల్లగా అడిగింది.

"అమ్మీ, నిజం చెప్పు. నీకేం తక్లీఫ్ కాలేదా?"

"ఏం కాలేదు బిడ్డా," అంది లతీఫా.

అన్న మరుక్షణం నాలుక కోసుకోవాలనిపించింది. నిజం చెబితే వాంతులు చెప్పాలి. వాంతులు చెబితే వేలు చెప్పాలి. వేలు చెబితే రోజాలు చెప్పాలి. ఒక దారం లాగితే మొత్తం కుట్టు ఊడుతుంది. ఆ రోజు నుంచి ఆతియా తల్లిని చూసి నేర్చుకోవడం మొదలుపెట్టింది. తల్లి ఎంత ముద్ద పెడితే అంత, ఎన్నిసార్లు నమిలితే అన్నిసార్లు. తెల్లటి గట్టి పళ్లతో ఆ పిల్ల అట్లా నమలడం చూసి లతీఫా గుండె నీరైపోయింది.

ఇరవై ఎనిమిదో రోజా నాడు కుసుమంచి నుంచి గులాం రసూల్ అక్క జైనబ్బీ ఇఫ్తార్‌కు వచ్చింది. అజాన్ వినబడ్డాక నలుగురూ ఖర్జూరం అందుకున్నారు. సోమవారం పొద్దున ఫస్టు బస్సుకే బయలుదేరాలని గులాం రసూల్ మొదలెట్టాడు. జైనబ్బీ మెచ్చుకోలుగా తలాడించి, ఆతియాకు భయమెందుకు, తల్లే సాక్ష్యం కదా అంది. కడుపులో పట్టీ పెట్టుకుని కూడా ఒక్క రోజా విడవలేదు, ఆ ఓపిక ఎవరికొస్తుంది అని కూడా అంది. అంటే ఆపరేషన్ సంగతి అక్కకూ చెప్పేశాడన్నమాట, పొంగిపోయే మొగుడు.

లతీఫా చేతిలో సగం తిన్న ఖర్జూరం అట్లాగే ఉండిపోయింది.

"నా రోజాలు రోజాలు కావు ఆపా," అంది. "పొద్దున తొమ్మిదింటికి వేలు పెట్టి కక్కుకుంటున్న. మూడేండ్ల సంది. ఏడేండ్ల సంది వాంతి లేని రోజు లేదు." తర్వాత మొగుడి వైపు తిరిగింది. "నన్ను ఆది పెట్టి నా బిడ్డను కొయ్యకుండ్రి."

ముందుగా జైనబ్బీయే తేరుకుని, బీమారు మనిషికి రోజా మాఫీ ఉంది కదమ్మా, ఎవరు ఉండమన్నారు నిన్ను అని గొణిగింది. ఆ మాటకు లతీఫాకు ఏడుపు తన్నుకొచ్చింది. బీమారు అని ఒప్పుకుని ఉంటే కదా మాఫీ! ఊరందరికీ నమూనాగా నిలబడ్డ మనిషి రోగిష్టిదని ఏ నోటితో చెబుతుంది? పళ్లు, గొంతు, కాళ్లు, అన్నీ చెప్పింది. కుళాయి చప్పుడు కూడా చెప్పింది.

ఆతియా మాత్రం కదల్లేదు. ఆ పిల్ల మొహం ఎర్రబడింది.

"మొన్న అడిగితే ఏం కాలేదన్నవ్. తారీఖు దగ్గరికొచ్చినంక గిట్ల చెప్తున్నవ్. నువ్వు సన్నగయినవ్, నేను మాత్రం గిట్లనే ఉండాల్నా?"

ఇన్నేళ్లు అబద్ధాన్ని నమ్మినవాళ్లు ఈ పూట నిజాన్ని నమ్మకపోతే లతీఫా ఏం చేయగలదు? పళ్లు చూపిస్తే తమలపాకు వల్ల అంటారు. దగ్గు మిరప ఘాటు అంటారు. అప్పుడు ఆమె గోడకు ఆనుకుని కాళ్లు ముందుకు చాపింది. మొగుడి చొక్కాకు ఎప్పుడూ గుచ్చి ఉండే గుండుసూది ఒకటి తీసి కూతురి చేతిలో పెట్టింది.

"నా అరికాల్ల గుచ్చు," అంది. "నేను చూడ. మంటయితే చెప్త. మంటయితే సోమవారం నువ్వు పో, నేను ఆప."

మొహం పక్క గోడ వైపు తిప్పుకుంది. ఆతియా చదువుకున్న పిల్ల, ముందు మడమ దగ్గర మెల్లగా తాకించింది. తల్లి ఉలకలేదు. బొటనవేలి కింద కొంచెం గట్టిగా నొక్కింది. గులాం రసూల్ ఆగు బేటా అనబోయి, అక్క చెయ్యి పట్టుకున్నాడు. మూడోసారి సూది సగం దిగింది. ఎర్రటి చుక్క ఉబ్బి, అరికాలి మీదుగా జారి చాప మీద పడింది.

ఎంతసేపటికీ ఏమీ కాకపోయేసరికి లతీఫా గోడతోనే మాట్లాడింది.

"గుచ్చు బిడ్డా, భయపడకు."