తెల్లకోటు జేబు

పందులు పరుగెత్తుకొచ్చాయి. అదే ఆమెకు నచ్చలేదు.

కొట్టం మధ్యలో కదలకుండా నిలబడింది పరిశోధకురాలు. పరీక్ష ఇంతే: కొత్త మనిషి లోపలికి వెళ్ళి ఊరికే నిలబడాలి. మనిషి చేతిలో దెబ్బలు తినని పంది మెల్లగా వచ్చి బూట్లు వాసన చూస్తుంది. దెబ్బలు తిన్నది గోడకు అతుక్కుపోతుంది.

"చూశారా సార్, ఎంత ముద్దుగా వచ్చాయో!" గేటు అవతల ఫారం మేనేజరు కంపెనీ డైరెక్టరు చెవిలో గుసగుసలాడాడు. అతను స్వయానా ఆమె అక్క మొగుడు. "మరదలా, సంతకం పడేసి రా. మీ అక్క భోజనానికి ఎదురుచూస్తోంది."

ఆమె సంతకం పెడితే ఇక్కడ పందులను తోలే పద్ధతే కంపెనీ ఫారాలన్నిటికీ వస్తుంది. అన్నిటి మీదా బావ పెత్తనం.

ఆమె కిందికి చూసింది. ఒక్క పందీ బూట్ల జోలికి పోలేదు. అన్నీ మూతులెత్తి కోటు కుడి జేబునే పొడుస్తున్నాయి. ఆ జేబులో ఆమె ఏనాడూ తిండి పెట్టుకోలేదు. మరి వీటికి ఆ రుచి ఎవరు అలవాటు చేశారు?

ఒళ్ళు మండిపోయింది. ముందు తన మీదే. పోయిన నెల అక్క ఇంట్లో భోంచేస్తూ ఈ పరీక్షంతా పూసగుచ్చినట్టు చెప్పింది తనే! "ఏ రంగు కోటు వేసుకుంటావ్?" అని బావ అడిగితే, ఎంత శ్రద్ధో అని మురిసిపోయింది కూడా.

బయటికొచ్చి కోటు విప్పింది. పందులను తోలేవాళ్ళ నీలంకోటు మేకుకు వేలాడుతోంటే లాక్కుంది.

"అది మురికిది, ముట్టుకోకు," బావ పళ్ళు నూరాడు. అప్పుడూ గొంతు పెంచలేదు.

"నేనేమన్నా పెళ్ళికెళ్తున్నానా బావా?"

నీలంకోటుతో ఆమె లోపల అడుగు పెట్టగానే షెడ్డు దద్దరిల్లింది. పందులు ఒకదాని మీదొకటి ఎక్కుతూ మూలకు కుప్పపడ్డాయి. ఇందాక జేబు వెతికిన చెవి చిరిగిన పంది నిలుచున్నచోటే ఉచ్చపోసుకుని వణికిపోతోంది.

డైరెక్టరు ముఖంలో నవ్వు ఎగిరిపోయింది. "ఏంటయ్యా ఇది?"

"నీలం రంగంటే బెదురు సార్. నోరులేని జీవాలు కదా."

"అలాగా?" ఆమె బయటికొచ్చి తెల్లకోటును బావ గుండెలకేసి కొట్టింది. "తెలుపంటే ఇష్టమేగా. వేసుకుని లోపలికెళ్ళి పిలువు. గట్టిగా పిలువు. షెడ్డు కప్పు ఎగిరేలా అరిచేవాడివి, పొద్దుట్నుంచీ ఈ గుసగుసలేంటి?"

డైరెక్టరు గేటు తీసి పట్టుకున్నాడు. బావకు తప్పలేదు.

తెల్లకోటును చూసి రెండు మూడు పందులు గుంపులోంచి విడివడి ముందుకొచ్చాయి. బావకు ప్రాణం లేచొచ్చింది.

"రండే, రండి..."

గొంతు వినగానే అవి గిర్రున వెనక్కి తిరిగాయి. చెవి చిరిగిన పంది గోడ ఎక్కబోయి జారిపడి, మళ్ళీ ఎక్కబోయింది.

ఆమె పరీక్ష కాగితం మీద మార్కుల దగ్గర సున్నా వేసింది. పెన్ను కాగితాన్ని చింపేంత గట్టిగా వేసి, సంతకం పెట్టింది.

"నా ఉద్యోగం ఊడగొట్టావ్. ఇక మీ అక్క ముఖం ఎలా చూస్తావే?" బావ ఇప్పుడు అరిచాడు. వెనక పందులన్నీ ఒక్కసారిగా ఉలిక్కిపడ్డాయి.

"ఈ నీలంకోటుతోనే వస్తా. భోజనాల దగ్గర ఇదంతా మొదట్నుంచీ చెప్తా. పోయినసారి బాగా విన్నావుగా బావా, ఈసారీ విను."