చండ్ర రోకలి మేళం ఎక్కిన వైనం

నేను ఒక క్లారినెట్టును. అంతకుముందు వీరనాగమ్మగారి రోకలిని. మధ్యలో జరిగింది దొంగతనం.

దొంగ ఆమె భర్త బ్రహ్మలింగాచారి. నరసరావుపేటలో, చెక్కను తిప్పుతూ చెక్కే లేతు మిషను మీద సన్నాయిలూ క్లారినెట్లూ చేస్తాడు. ఒకరోజు మేళగాడు కాలేషా, పగిలిన క్లారినెట్టుతో పరుగున వచ్చాడు.

"ఎల్లుండే పెళ్ళి ఆచారిగారూ! ఇది లేకపోతే కీబోర్డోణ్ణి పెట్టుకుంటారంట. ఒకసారి వాడొచ్చాడంటే ఇంక మమ్మల్ని పిలిచేదెవరు?"

క్లారినెట్టుకు పచ్చి చెక్క పనికిరాదు. ఊపిరి తేమ తగిలితే నెర్రె బారుతుంది. ఏళ్ళ తరబడి ఎండిన చేవ కావాలి. అలాంటిది ఆచారి కొట్లో లేదు, వంటింట్లో ఉంది. అత్తగారి కాలం నుంచి కారం దంచి దంచి రాయిలా బిగిసిన చండ్ర రోకలిని, నేను. వీరనాగమ్మ చూస్తే చెల్లెలి ఊళ్ళో ఉంది.

ఆయన నన్ను కోసి లేతుకెక్కించగానే, నాలో ఇంకిన కారం పొడిగా లేచింది. తుమ్ముతూ చెక్కాడు, ఏడుస్తూ బెజ్జాలు వేశాడు. పెళ్ళాం మీద బెంగ కాబోలని వీధి జనం జాలిపడ్డారు. పాతదాని మీటలూ, ఊదే మూతీ, కింది గరాటా తీసి నాకు తొడిగాడు.

సరిగ్గా పెళ్ళినాడే వీరనాగమ్మ దిగింది. రోకలి లేదు. ముందు ఎదురింటావిణ్ణి కడిగేసింది. తర్వాత లేతు కింద, నా చివర ఉండాల్సిన ఇనప పొన్ను దొరికింది. మొగుడు కాలేషాకి కొత్త క్లారినెట్టు చేశాడని వీధిలో విని, తిన్నగా పందిట్లోకి వచ్చి నా అడుగు పట్టుకుంది. పై కొస కాలేషా నోట్లో ఉంది.

"వదులు సాయిబూ! నా రోకలిది!"

అప్పుడే పురోహితుడు వేలు ఆడించాడు. "గట్టిమేళం! గట్టిమేళం!"

తాళి కట్టేటప్పుడు చెడ్డమాట ఎవరి చెవినా పడకూడదు, మేళం ఆగకూడదు. మనుషుల భయాల్లో నాకు బాగా పనికొచ్చింది ఇదొక్కటే. ఆమె నోరు మూసుకుంది, పట్టు మాత్రం విడవలేదు. కాలేషా ప్రాణం పెట్టి ఊదాడు. ఆమె గుప్పిట్లో నేను జలదరించాను. మూడోముడి పడేసరికి ఆ వేళ్ళు వాటంతటవే వదులయ్యాయి.

"ఇది ఇట్టా పాడుద్దా?" అంది మెల్లగా.

"నువ్వు దంచిన గట్టిదనమే అక్కా" అన్నాడు కాలేషా.

పెళ్ళిపెద్ద వచ్చి, రెండో అమ్మాయి పెళ్ళికీ ఇదే మేళమని కాలేషాతో ఖాయం చేసుకున్నాడు. వీరనాగమ్మ విన్నది.

"ఉంచుకో సాయిబూ" అని, స్తంభం చాటునున్న మొగుడి వైపు తిరిగింది. "ఏందయ్యా, నక్కింది చాల్లే! రేపు కారం దంచాల. దేంతో దంచుతావో నీ ఇష్టం."

మర్నాడు ఆచారి, ఎవరి రోకలైనా ఒక పూటకి అడిగి తెచ్చుకోడానికి వీధిలోకి దిగాడు. ఆయన వస్తుంటే, ఒక్కో ఇంటి తలుపూ మూసుకుంటూ పోయింది.