యాంటీబాడీ వెయ్యని ముక్క

వెలగకూడదు కదా, వెలగకూడనిది ఇంత ఆకుపచ్చగా ఎలా వెలుగుతోంది, లెన్సు తుడవలేదేమో, లేదు, లెన్సు పొద్దుటే తుడిచింది, నూకరత్నం మైక్రోస్కోపు మీంచి తలెత్తి ఆ చీకటి గదిలో కళ్ళు నులుముకుని మళ్ళీ వంగింది, అవే కణాలు, చిట్టెలుక అండాశయంలో అండం చుట్టూ బిగిసి కూర్చున్న ఫాలికిల్ కణాలు, వరస వెనక వరస, అన్నీ వెలుగుతూనే ఉన్నాయి, ఈ ముక్క మీద మొదటి యాంటీబాడీ వెయ్యనే లేదు, పలకక్కర్లేని జన్యువుల మీద మిథైల్ గుర్తు వేసి నోరు మూయించే ఎంజైము ఒకటుంది, దాన్ని వెతికి పట్టుకునేది మొదటి యాంటీబాడీ, ఆ మొదటిదాన్ని పట్టుకుని రంగు చూపించేది రెండోది, మొదటిది వెయ్యకపోతే రెండోదానికి పట్టుకోవడానికి ఏమీ ఉండదు, అంతా నల్లగా ఉండాలి, కంట్రోల్ అంటే అదే, నలుపు.

ఏమీ ఉండదని ఎవరన్నారు, మొదటిది ఎలుకలో తయారైంది, అందుకని రెండోది ఎలుకది ఏది దొరికినా పట్టుకుంటుంది, మరి ఈ అండాశయం ఎవరిది, ఎలుకదే, ఎలుక రక్తంలో దాని సొంత యాంటీబాడీలు ఉండవా, రెండోది పట్టుకున్నది వాటినే, ఫాలికిల్ పెరిగేకొద్దీ చుట్టూ రక్తనాళాలు పెరుగుతాయి, వెలుగూ పెరుగుతుంది, ఆ వెలుగు చూసి ఎంజైము పెరుగుతోందని మూడేళ్ళుగా రాస్తోంది తను, గది ఇంత చిన్నదేమిటి, తలుపుకి నల్లగుడ్డ, కిటికీ లేదు, మొదటి ఏడాది ఐదు రోజుల పిల్ల ఎలుకల్లో కంట్రోల్ చేసింది, చక్కగా నల్లగా వచ్చింది, గైడు ఉమాశంకర్ సార్ సంబరపడి ఇంక ప్రతి వయసుకీ ఎందుకమ్మా, స్లైడ్లు దండగ, ముందుకెళ్ళు అన్నారు, పెద్దవాటిలో కూడా చూడాలేమో అని నాలుక చివరిదాకా వచ్చింది, అక్కడే ఆగిపోయింది, యారాడ బడిలో మాస్టారు బోర్డు మీద లెక్క తప్పు వేస్తే తన పుస్తకంలో మాత్రం సరిగ్గా దిద్దుకుని ఊరుకున్నట్టు, ఆ తప్పు నలభైమంది ఎక్కించుకున్నారు, తన లెక్క మాత్రం రైటు, ఎంత గొప్ప.

ఇప్పుడు పేపర్ పంపిన పత్రిక తరఫున రివ్యూయర్ ఎవరో పెద్ద ఎలుకల కంట్రోల్ ఫొటో అడిగాడు, ఇవాళ నాలుగింటికి పంపకపోతే పేపర్ పోతుంది, పేపర్ పోతే థీసిస్ లేదు, మార్చితో ఫెలోషిప్ ఆఖరు, తలుపు కొద్దిగా తెరిచి సబీనా తల దూర్చింది, పక్క బల్ల మీద పనిచేసే పాతూరి పిల్ల, దేనికైనా నవ్వేస్తుంది, ఏటే రత్నం, లోపల కాపరం పెట్టేసినావా, సార్ బయట కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నారు, నూకరత్నం పక్కకి జరిగింది, సబీనా వంగి చూసింది, నవ్వు ఆగిపోయింది, హాయ్ అల్లా, ఇది కంట్రోలా, అవును, సబీనా చెవి దగ్గరగా వచ్చి, పిచ్చిమొద్దూ, పిల్ల ఎలకల ఫొటో ఉంది కదే, అది పెట్టేయ్, నలుపులో నలుపు, అది ఏ ఎలకదో ఎవడికి తెలుస్తాది, అనేసి తలుపు మూసుకుని వెళ్ళిపోయింది.

నిజమే, ఎవడికి తెలుస్తుంది, ఫోల్డరు తెరిచింది, నల్లటి ఫొటో బుద్ధిగా కూర్చుని ఉంది, పేరులో వయసు మారిస్తే చాలు, ఐదు రోజులు చెరిపి అరవై, ఫోను వణికింది, అమ్మ గంగాలమ్మ, గొంతు వెనక చేపల బేరం వినిపిస్తోంది, ఏటే, ఆ ఎలకల సదువు అయిపోనాదా నేదా, మీ నాన్న పడవ కాడ అందరికీ సెప్పేసినాడు, నా కూతురు డాట్టరమ్మ అయిపోతాదని, ఆ అప్పలసూరి మావేటో ముందే సూది మందు అడగతన్నాడు, ఆ డాక్టరు కాదమ్మా, ఏదో ఒక డాట్టరేలే, తిన్నావా, తిన్నాను, తినలేదు, అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చింది, వేలు ఇంకా ఆ ఐదు మీదే ఉంది, చెబితే మూడేళ్ళూ పోతాయి, చంపిన ఎలుకలు నూట పన్నెండు, వాటి మెడ విరిచింది తన చేత్తోనే, చెప్పకపోతే ఈ గదిలోంచి ఎప్పటికీ బయటపడదు, ఎక్కడ కూర్చున్నా ఇదే పచ్చ వెలుగు.

తలుపవతల సార్ గొంతు, రత్నం, ఫొటో బాగా వచ్చిందా, తను ఒక నిమిషం సార్ అంది, సరేనమ్మా, నువ్వు చూశావుగా, ఇంక నేను చూడక్కర్లేదు, నేరుగా పెట్టేయ్, ఎంత నమ్మకంగా అన్నారు, చూడక్కర్లేదట, రివ్యూయర్ చూసేది తను పంపిన ఫొటో, సబీనా చూసి తలుపు మూసేసుకుంది, పేపర్ చదివి ఇంకో ఊళ్ళో ఇంకో పిల్ల మూడేళ్ళు ఇదే వెతుక్కుంటుంది, ఇన్నాళ్ళూ ఎవరో ఒకరు అడుగుతారని, అడిగితే చెబుదామని కాచుకుని ఉంది, అడిగేవాళ్ళు లేరు, తన కన్ను దాటాక ఇంకో కన్ను లేదు, ఆఖరు కన్ను తనదే, అంత సూటిగా తెలిసింది, వేలు ఐదు మీంచి తీసేసింది, లేచి నల్లగుడ్డ పక్కకి లాగింది, లోపలికి రండి సార్, ఇది మీరు చూడాలి.