రాని ఉద్యోగానికి గుండు

నియామకాలు రద్దయ్యాయన్న కబురు వచ్చేసరికి దేవేందర్ యూనివర్సిటీ హాస్టల్ మెస్సులో కంచం ముందున్నాడు. ఎంపికైనవాళ్ళలో అతని పేరుంది. ఊళ్ళో మిఠాయి పంచారు కూడా. ఎవడో పరీక్ష పేపరు ముందే అమ్ముకున్నాడు, కోర్టు నియామకాలన్నీ కొట్టేసింది.

ఉద్యోగమొస్తే కొమురవెల్లి మల్లన్నకి తలనీలాలిస్తానని మొక్కుకుని పెంచిన జుట్టు మెడ దాటింది. ఆర్డరు చేతికొస్తే గుండు. అదీ ఒప్పందం.

తార్నాకలో కోచింగ్ సెంటర్ నడిపే సుందరరావు మాస్టారు ఆ సాయంత్రమే దేవేందర్‌తో సహా పిల్లల్ని పోగేసి ప్రవచనం అందుకున్నాడు. "అంతా దైవసంకల్పం నాయనా! ధర్నాలూ గిర్నాలూ మనకొద్దు. భారం ఆయన మీదేసి కొత్త బ్యాచ్‌లో చేరిపోండి." భారం దేవుడి మీదట, ఫీజు మాత్రం కౌంటర్లోనట! థూ!

బయటికి రాగానే నిరోష పట్టుకుంది. ఉద్యోగం పోయినవాళ్ళలో ఆమె కూడా ఒకతె, ధర్నాకి మనుషుల్ని కూడగడుతోంది.

"ఏమంటుండురా నీ మల్లన్న? మళ్ళ ఇప్పిస్తడంటనా?"

"దేవుని జోలికి రాకు, నిరోషా."

"నేనెందుకొస్త? బేరం పెట్టింది నువ్వు. నౌకరి ఇస్తే జుట్టిస్తనంటివి. ఆయన ఇయ్యలే. హిసాబ్ బరాబర్. పోయి కటింగ్ చేయించుకో."

ఆ మాట రాత్రంతా ముల్లులా గుచ్చింది. మాస్టారిది వ్యాపారమైతే తనదేమిటి? అది నమ్మకమా, అడ్వాన్సా?

తెల్లారే బస్సెక్కి కొమురవెల్లి పోయాడు. కత్తి నూరుతూ మంగలి అడిగాడు, "ఏం కోరిక తీరింది తమ్మీ?"

"ఏం తీరలే అన్నా. గీకు."

నున్నటి తలతో మల్లన్న ముందు నిలబడ్డాడు. "నౌకరి పీకింది నువ్వని నేననుకుంటలేను. అమ్ముకున్నోళ్ళ సంగతి మేం చూసుకుంటం. నువ్వు నా ఎన్క ఉండు, సాలు."

మధ్యాహ్నం తార్నాకలో బస్సు దిగాడో లేదో, సుందరరావు సెంటర్లోంచి ఊడిపడ్డాడు. గుండు చూసి కళ్ళు మెరిశాయి.

"వచ్చేసిందా! స్టే తెచ్చారన్నమాట! నే చెప్పలేదుటోయ్, నమ్మినవాణ్ణి ఆయన వదలడని!" భుజం మీద చెయ్యేసి సెల్ఫీ నొక్కాడు. "ఫ్లెక్సీలో నీ ఫొటోయే పెద్దది!"

"ఏమొచ్చింది సార్?"

"ఉద్యోగమయ్యా!"

"రాలే."

"మరి గుండేమిటి?"

"అది దేవునికి సార్, నౌకరికి కాదు."

భుజం మీది చెయ్యి జారింది. మాస్టారు ఫోన్లో ఆ ఫొటో తుడిచేశాడు. "ఉద్యోగం రాకుండా మొక్కు తీర్చడమేమిటయ్యా, పిచ్చా?"

"నమ్ముమని మీరే చెప్తిరి గద సార్, నిన్న."

ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద ధర్నాలో ఉన్న నిరోష అతని గుండు చూసి నోరు తెరిచింది. "ఏందిరా, వచ్చిందా?"

"రాలే. నినాదం ఎత్తుకో."

ఆమె నినాదం రాసిన అట్ట ఒకటి అందించింది. "నెత్తి మీద పెట్టుకో, ఎండకు మాడ్తవ్."

అతను దాన్ని నీడకి పెట్టుకోలేదు. రోడ్డు మీదివాళ్ళకి కనబడేలా రెండు చేతులా పైకెత్తాడు.